సీట్ల లెక్క కౌన్సెలింగ్‌తో తేలదు

సంపాదకులకు,

అయ్యా,

పీజీ కౌన్సెలింగ్ ముగిసే రోజుల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గురించి ఏటా ఒక వార్త తప్పకుండా కనబడుతుంది. ఒక ఏడాది ఫలానా విభాగాల్లో సీట్లు మిగిలిపోయాయని రాస్తారు, మరో ఏడాది ప్రవేశాలు పుంజుకున్నాయని రాస్తారు. రెండింటిలోనూ ఉండే లెక్క ఒక్కటే: ఎన్ని సీట్లకు ఎందరు చేరారన్నది. చేరినవారిలో రెండో ఏడాది తరగతిలో ఎందరు కూర్చున్నారు, మధ్యలో మానేసినవారు ఎక్కడికి పోయారు, ఏ కారణంతో పోయారు అన్న లెక్క మాత్రం ఎవరూ రాయరు. పార్వతీపురం దగ్గరి ఒక పల్లె నుంచి 1979లో ఎమ్మెస్సీ జియాలజీ చదవడానికి ఇక్కడికి వచ్చి, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసి, విరమణ తరువాత కూడా చినవాల్తేరులోనే ఉండిపోయిన మనిషిగా నాకు ఆ రెండో లెక్కే ముఖ్యమనిపిస్తుంది. ఆ లెక్కలో సగం బాధ్యత వర్సిటీది కాదు, ఈ నగరానిది. అందుకే ఈ ఉత్తరం.

ప్రవేశాలు తగ్గడానికి కారణాలు వెదకడం కష్టం కాదు. ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధి తెలుగు జిల్లాల్లో చాలా దూరం విస్తరించి ఉండేది. 1954లో తిరుపతిలో, 1976లో గుంటూరు దగ్గర, 2006లో రాజమహేంద్రవరంలో, 2008లో శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయాలు వెలిశాక ఆ పరిధి ఒక్కో మెట్టూ దిగుతూ ఉత్తరాంధ్రలో కొంత భాగానికి కుదించుకుపోయింది. ఇంటి దగ్గర చదువు దొరకడం మంచిదే కనుక దీన్ని ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. ఇంటర్ ముగించిన పిల్లవాడిని ఇంజనీరింగ్ వైపు తప్ప మరోవైపు చూడనివ్వని మన ఇళ్ల సంగతి అందరికీ తెలిసినదే. ఆ పైన కోవిడ్ వచ్చింది. దాని వెనకే, వర్సిటీ తానే నిర్వహించుకునే ప్రవేశ పరీక్ష ఏయూసెట్ స్థానంలో 2021లో రాష్ట్రమంతటికీ ఒకే పీజీసెట్ వచ్చింది. ఆ తొలి పరీక్ష అక్టోబరులో జరిగింది. అంతవరకు ఆగలేని విద్యార్థి హైదరాబాద్‌కో, మరో రాష్ట్రానికో పోయాడంటే ఆశ్చర్యం లేదు. 2023 నాటికి పరీక్ష జూన్‌కు వచ్చింది. కోలుకోవడం అన్న మాట వాడాలంటే నా దృష్టిలో మొదట కోలుకున్నది ఈ క్యాలెండరే. పరీక్ష ముందుకు జరిగినంత చురుకుగా కౌన్సెలింగ్, తరగతులు కూడా ముందుకు జరగాలి.

ఇంకొక కారణం అంతగా చర్చకు రాలేదు. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది, విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో చదివేవారికి మాత్రం కొనసాగింది. కాగితం మీద చూస్తే ఆ విద్యార్థులంతా క్యాంపస్ వైపు మళ్లి ఇక్కడి సీట్లు నిండాలి. కానీ సాలూరులోనో, నర్సీపట్నంలోనో ఇంటి అన్నం తిని, దగ్గరి ప్రైవేటు కళాశాలలో ఎమ్మెస్సీ చదువుకోగలిగిన పిల్లకు విశాఖ క్యాంపస్‌లో సీటు వచ్చినంత మాత్రాన చదువు రాదు. ఆమెకు ఇక్కడ ఒక గది కావాలి, రెండు పూటల భోజనం కావాలి, సాయంత్రం ల్యాబు ముగిశాక భయం లేకుండా వెళ్లడానికి బస్సు కావాలి. మా బంధువుల్లోనే ఒక అమ్మాయికి కెమిస్ట్రీలో సీటు వచ్చింది. ట్యూషన్ ఫీజు గురించి ఆ ఇంట్లో ఎవరికీ బెంగ లేదు. హాస్టల్లో చోటు దొరికేదాకా బయట ఉండడానికి నెలకు ఎంతవుతుందో లెక్కవేసుకుని, చివరికి ఆమెను బీఈడీకి పంపారు. ఆ సీటు ఖాళీ అయింది ఏ విభాగం లోపం వల్లా కాదు, మా పేటల అద్దెల వల్ల.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నేను చదువుకునే రోజుల్లో పెదవాల్తేరు, చినవాల్తేరు, శివాజీపాలెం ఇళ్లలో వెనక గదో, మిద్దె మీది గదో విద్యార్థులకే ఇచ్చేవారు. నేనున్న ఇంటి పెద్దావిడ అద్దె ఆలస్యమైనా పరీక్షలయ్యేదాకా నోరు మెదిపేది కాదు, పండగనాడు పిలిచి పులిహోర పెట్టేది. ఇప్పుడు అవే వీధుల్లో టు-లెట్ బోర్డు కింద ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అని రాసి ఉంటుంది. నా గేటుకు కూడా చాలా కాలం అదే బోర్డు వేలాడింది. విద్యార్థులకు ఇస్తే అల్లరి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కుటుంబానికి ఇస్తే నిశ్చింత, పైగా అద్దె రెట్టింపు. ఎవరి లెక్క వారిది. రుషికొండలో టీసీఎస్‌కు 99 పైసలకు భూమి ఇచ్చారు, గూగుల్ డేటా సెంటర్ వస్తోందని 2025 అక్టోబరులో ప్రకటించారు. నగరానికి ఇవన్నీ శుభవార్తలే. అయితే అలాంటి ప్రతి ప్రకటన తరువాత మా వైపు ఇంటి అద్దెలు ఒక మెట్టు ఎక్కుతాయని, ఆ మెట్టు మీద మొదట కాలు జారేది పల్లె నుంచి వచ్చిన ఎమ్మే విద్యార్థేనని ఎవరైనా రాయాలి కదా.

బస్సుల విషయంలో మాత్రం కొంత ఊరట కలిగింది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో రాష్ట్రంలోని మహిళలు ఆర్టీసీ సాధారణ సర్వీసుల్లో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. విజయనగరం, అనకాపల్లి వైపు నుంచి రోజూ వచ్చి వెళ్లి చదువుకోవాలనుకునే అమ్మాయిలకు ఇది గది అద్దెను తప్పించే పథకం. వర్సిటీ ప్రవేశాలకు ఇంత మేలు చేయగలిగిన నిర్ణయం ఇటీవలి కాలంలో మరొకటి లేదని నా అభిప్రాయం, అది విద్యాశాఖ తీసుకున్న నిర్ణయం కాకపోయినా సరే. దాని ఫలితం అందాలంటే మద్దిలపాలెం నుంచి ఆ ఊళ్లకు సాయంత్రం బస్సులు ఎప్పుడున్నాయో చూసి ల్యాబు వేళలు పెట్టుకోవాలి. లేదా ల్యాబు వేళలు చూసి ఆర్టీసీ బస్సు వేయాలి. రిజిస్ట్రారు, ఆర్టీసీ అధికారి ఒక పూట కలిసి కూర్చుంటే తేలిపోయే సంగతి ఇది.

నగరం మాట ఇంతగా ఎత్తడానికి కారణం ఉంది. ఈ నగరం, వర్సిటీ రెండింటి పుట్టుక కలగలిసిపోయింది. 1926లో బెజవాడ కేంద్రంగా మొదలైన విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు వచ్చేనాటికి ఈ ఊరి జనాభా అరవై వేలకు లోపే. రేవులో ఓడ ఆగింది ఆ తరువాత మూడేళ్లకు, 1933లో. విశాఖను రేవు పెంచిందని చెప్పుకుంటాం గానీ వరుసలో చదువే ముందు వచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతులుగా ఉన్న కాలంలో పేరున్న పండితులు ఎక్కడెక్కడి నుంచో ఈ చిన్న ఊరికి వచ్చారు. ఆనాటి సైన్సు విభాగాలు ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా ఇచ్చిన లక్ష రూపాయలతో నిలబడ్డాయి. 1942లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాక, ప్రాంగణం సైన్యం చేతికి వెళ్లి, వర్సిటీ గుంటూరుకు తరలిపోయింది. యుద్ధం ముగిశాక తిరిగి వచ్చి మళ్లీ నిలదొక్కుకుంది. కోలుకోవడం దానికి కొత్త కాదు.

అప్పుడు అది కోలుకున్న తీరు గురించి ఒక్క ఉదాహరణ చెబుతాను, నేను చదివిన విభాగానికి దగ్గరిది కనుక. 1950లలో లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి, మన అధ్యాపకులతోను విద్యార్థులతోను కలిసి బంగాళాఖాతాన్ని కొలిచారు. అందుకు ఓడలను ఇచ్చింది ఇక్కడి నౌకాదళం. మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయల్లో ఒకదానికి ఆంధ్ర అని, మరొకదానికి మా జియాలజీ విభాగాన్ని నిలబెట్టిన ఆచార్య మహదేవన్ పేరు పెట్టారు. మేం చదువుకునేటప్పుడు ఈ సంగతి సీనియర్లు జూనియర్లకు చెప్పేవారు, చెప్పేటప్పుడు వేలు సముద్రం వైపు చూపేవారు. ఆ చదువుకు కావలసిన సముద్రమూ, ఓడలూ, మనుషులూ ఒకే ఊళ్లో ఉన్నారు, ఒకరినొకరు అడిగి పుచ్చుకున్నారు. అలాంటి కోర్సుకు విద్యార్థులు వేరే ప్రచారం లేకుండానే వస్తారు.

ఇప్పుడు అడిగి పుచ్చుకోవడం ఒకవైపే సాగుతోంది. 2015లో ఐఐఎం, 2016లో పెట్రోలియం విశ్వవిద్యాలయం నగరానికి వచ్చినప్పుడు సొంత భవనాలు లేక ముందు ఏయూ ప్రాంగణంలోనే తరగతులు నడుపుకున్నాయి. 2023 మార్చిలో పెట్టుబడిదారుల సదస్సు, 2025 నవంబరులో భాగస్వామ్య సదస్సు ఇంజనీరింగ్ కళాశాల మైదానంలోనే జరిగాయి. ప్రధాని సభలూ అక్కడే. తెల్లవారితే మాలాంటి వాళ్లం నడకకు పోయేది ఆ చెట్ల కిందికే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ చెట్లను పడగొట్టినప్పుడు మా ఇంట్లో చెట్టు పడినట్టే ఏడ్చాం. అంటే నగరం వర్సిటీని ఎరుగును, ప్రేమిస్తుంది కూడా, అయితే మైదానంగా, నీడగా, హాలుగా. ఆ మైదానంలో సంతకాలైన ఒప్పందాల్లో, గోడకు అవతల ఉన్న విభాగాల విద్యార్థులకు వేతనంతో కూడిన ఇంటర్న్‌షిప్ ఇస్తామన్న మాట ఎన్నింటిలో ఉందో మీ విలేకరులు ఒకసారి వెదికి ప్రచురించాలని కోరుతున్నాను.

ఈ నగరంలో చదవడానికి సరిపడా ప్రశ్నలు లేవా అంటే, ఉన్నన్ని మరో ఊళ్లో లేవు. రామకృష్ణా బీచ్‌లో ఇసుక ఎందుకు కోసుకుపోతోంది, పాతనగరం ఇళ్ల గడపల మీద పేరుకునే నల్లదుమ్ములో ఏముంది, ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాల్లోకి చేరే నీరు ఎలాంటిది, 2020 మే 7న వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి లీకైన స్టైరీన్ విషవాయువు పీల్చినవారి ఆరోగ్యం ఇప్పుడెలా ఉంది. ఒక్కొక్కటీ ఒక్కో బ్యాచ్‌కు ప్రాజెక్టు పని. మహా విశాఖ నగరపాలక సంస్థ, పోర్టు ఏటా కొందరు విద్యార్థులకు ఇలాంటి పని అప్పగించి, నెలకు గది అద్దెకు సరిపడా భృతి ఇస్తే, వారికి అది పెద్ద ఖర్చు కాదు. నగరానికి నమూనాలు, లెక్కలు మిగులుతాయి. జియాలజీ, పర్యావరణ శాస్త్రం, జువాలజీ లాంటి విభాగాలకు నిలిచే విద్యార్థులు దొరుకుతారు.

వర్సిటీ చేయవలసినవీ ఉన్నాయి. చెప్పే గురువు లేని విభాగానికి శిష్యుడు రాడు. రెగ్యులర్ అధ్యాపక పోస్టుల భర్తీకి 2023లో ప్రకటనలు వెలువడినా కోర్టు వివాదాల్లో చిక్కుకున్నాయి. ఆ ముడి ప్రభుత్వమే విప్పాలి. సాయంత్రం కోర్సుల మాట మాత్రం వర్సిటీ చేతిలోనిదే. దూరవిద్యను 1972లోనే మొదలుపెట్టిన సంస్థ ఇది. పోర్టులో, షిప్‌యార్డులో, ఉక్కులో, రిఫైనరీలో పనిచేస్తూ చదువు కొనసాగించాలనుకునేవారు ఈ ఊళ్లో వేలల్లో ఉంటారు. వారికి గది అక్కరలేదు, భృతి అక్కరలేదు, ఆరు గంటల తరువాత తెరిచి ఉన్న తరగతి గది, ల్యాబు చాలు. నా ఉద్యోగ కాలంలో మెటలర్జీలో అలాంటి కోర్సు ఉంటే మా షిఫ్టు నుంచే ఒక తరగతి నిండేది.

ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ ఇచ్చిన ఏ ప్లస్ ప్లస్ గ్రేడు ఎవరూ కాదనలేని గౌరవమే. శతాబ్ది వేడుకలూ జరగవలసినవే. నేను అడిగేది వీటికన్నా చిన్నది. ప్రతి ఏటా కౌన్సెలింగ్ ముగిశాక ఒకసారి, మార్చిలో ఒకసారి, విభాగాల వారీగా చేరినవారెందరో, ఉన్నవారెందరో, హాస్టల్లో ఎందరున్నారో, బయట ఎందరున్నారో వర్సిటీ తన వెబ్‌సైటులో పెట్టాలి. మీ పత్రిక విశాఖ పేజీలో ఆ పట్టికను యథాతథంగా వేయాలి. అప్పుడు సాలూరు పిల్ల ఏ నెలలో వెళ్లిపోయిందో మాకు తెలుస్తుంది. ఎందుకు వెళ్లిపోయిందని అడగడానికి ఈ నగరంలో కొందరైనా ముందుకు వస్తారు.

మా పై వాటా జూన్‌లో ఖాళీ అవుతోంది. ఈసారి గేటుకు తగిలించే బోర్డు మీద ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అన్న మాట ఉండదు. అద్దె ఎంత పెట్టాలన్నది మాత్రం ఇంట్లో ఇంకా తేలలేదు.

భవదీయుడు,
ఒక పూర్వ విద్యార్థి,
చినవాల్తేరు, విశాఖపట్నం