‘సిరామిక్’ అని ఒక్క మాట రాస్తే ఎలా?

అయ్యా,

సిరామిక్స్ ప్రదర్శనల గురించి పత్రికల్లో వచ్చే వార్తల్లో ‘మట్టికి ప్రాణం పోశారు’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. అది ఏ మట్టి, ఎంత వేడిలో కాలింది, ఏ బట్టీలో కాలింది అన్నది మాత్రం ఉండదు. దీనికి విలేకరులను ఒక్కరినే అనలేం. గ్యాలరీలో వస్తువు పక్కన అంటించే చీటీ మీదే ‘మాధ్యమం: సిరామిక్’ అని రాసి వదిలేస్తున్నారు. వెనక గోడ మీద మాత్రం భూమి, అగ్ని, అస్తిత్వం అంటూ అరపేజీ ప్రకటన వేలాడుతుంటుంది. ఆ చీటీలో మరో మూడు నాలుగు వరుసలు రాయాలని నిర్వాహకులను, అవి లేకపోతే అడిగి తెలుసుకుని ప్రచురించాలని మిమ్మల్ని కోరుతున్నాం.

ముందు కావలసింది మన్ను, వేడి. మన ఊళ్లలో కుమ్మరి ఆములో కుండ దాదాపు 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ మధ్య కాలుతుంది. ఒళ్లంతా సన్నటి రంధ్రాలు మిగులుతాయి కాబట్టే అందులో నీళ్లు చల్లబడతాయి. స్టూడియో కుండల్లో ఎక్కువ భాగం స్టోన్‌వేర్. అది 1200 నుంచి 1300 డిగ్రీల దాకా వెళుతుంది. ఆ వేడికి మన్నులోని ఫెల్డ్‌స్పార్ కరిగి సందులు పూడుస్తుంది, గిన్నె గోటితో తడితే ఖంగుమంటుంది. ఈ రెంటినీ కలిపి ‘టెర్రకోటా’ అని రాయడం తప్పు. చీటీలో డిగ్రీలకన్నా కోన్ సంఖ్య ఉంటే ఇంకా మేలు. కోన్ అంటే నిర్ణీత వేడికి వంగేలా చేసిన చిన్న మట్టి శంకువు. ఎంత వేడి అన్నదే కాదు, ఆ వేడి ఎంతసేపు పనిచేసింది అన్నదీ లెక్కే కాబట్టి, బట్టీలో పెట్టిన చిన్న కోన్ వంగినప్పుడే మన్ను కాలిందని తెలుస్తుంది. ‘స్టోన్‌వేర్, కోన్ 10’ అంటే చాలు, తెలిసినవారికి సగం కథ అర్థమైపోతుంది.

రెండోది బట్టీ. అర శాతం రాగి కలిపిన ఒకే గ్లేజ్‌ను (కాలాక గాజులా మారే పూతను) రెండు గిన్నెలకు పూసి చూడండి. ఎలక్ట్రిక్ బట్టీలో, గాలి ధారాళంగా ఆడితే ఆకుపచ్చగా వస్తుంది. గ్యాస్ బట్టీలోనో కట్టెల బట్టీలోనో గాలి తగ్గించి కాలిస్తే ఎర్రగా వస్తుంది. గాలి తగ్గించడం గ్లేజ్ కరగకముందే, సుమారు 900 డిగ్రీల దగ్గర మొదలుపెట్టాలి. ఆలస్యమైతే పై పూత మూసుకుపోయి ఎరుపు రాదు. మరీ ముందు నుంచే దట్టంగా పొగపెడితే మన్నులో బొగ్గు చిక్కి, తరువాత పొక్కులు లేస్తాయి. ఇనుముదీ ఇదే వరస. గాలి తక్కువైన బట్టీలో ఒకటి రెండు శాతం వేస్తే సెలడాన్ అనే లేత ఆకుపచ్చ పూత, ఎనిమిది పది శాతం వేస్తే టెన్మోకు అనే నల్లటి పూత వస్తాయి. చూడవచ్చినవారు ‘ఏ పెయింట్ వేశారండీ’ అని అడుగుతున్నారంటే, ఆ ప్రశ్నకు జవాబు చీటీలో లేకపోవడమే కారణం.

బట్టీ పేరు చెబితే కుండ చేసినవారు ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా కొంత తెలుస్తుంది. సర్దార్ గురుచరణ్ సింగ్ 1919లో జపాన్ వెళ్లి నేర్చుకొచ్చి ఢిల్లీలో నాటిన పద్ధతి ఒకటి. రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో పుదుచ్చేరిలో మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీది మరొకటి. ఇవాళ దేశంలో పేరున్న కుండకారుల్లో చాలామంది అక్కడ సారె తిప్పినవారే. హైదరాబాద్ నుంచి బరోడా వెళ్లి చదువుకున్న పి.ఆర్. దరోజ్ గోడలంత సిరామిక్ పనులు చేశారు. అలాంటి పని ముందు నిలబడితే అన్ని అతుకులెందుకున్నాయో చీటీయే చెప్పాలి. మన్ను సగం ఆరి తోలులా ఉన్నప్పుడే ముక్కలుగా కోసి, వెనక వైపు గుల్ల చేసి, అంకెలు వేసి కాలుస్తారు. మందంగా వదిలేస్తే లోపలి తేమ ఆవిరై ముక్క పేలిపోతుంది. మన్ను పన్నెండు శాతం కుంచించుకుపోతుంది కాబట్టి మీటరు గోడ కావాలంటే దాదాపు 114 సెంటీమీటర్లకు మొదలుపెట్టాలి.

2018లో జైపూర్ జవహర్ కళాకేంద్రంలో, 2024లో ఢిల్లీలో భారతీయ సిరామిక్స్ ట్రైనియల్ (మూడేళ్లకోసారి అనుకున్న ప్రదర్శన) జరిగింది. కుండను పీఠం మీది వస్తువుగానే కాక గది నిండే రూపంగా చూడటం అలవాటు చేసిన ప్రదర్శనలవి. మన గ్యాలరీలు అక్కడి హంగును తెచ్చుకోవడం సరే, చీటీ దగ్గర కూడా కాస్త శ్రద్ధ పెట్టాలి.

అమ్మకానికి పెట్టిన కప్పులు, గిన్నెల విషయంలో ఇది తప్పనిసరి. ‘రాకు’ అనే పద్ధతిలో సుమారు వెయ్యి డిగ్రీల దగ్గర ఎర్రగా మండుతున్న గిన్నెను పట్టుకారుతో తీసి రంపపు పొట్టులో వేస్తారు. నల్లటి చీలికల అందం దానివల్లే వస్తుంది. కానీ ఒళ్లు గుల్ల, పూత నిండా బీటలు, పోసిన టీ లోపలికి ఇంకుతుంది. దాన్ని ‘టీ కప్పు’ అని అమ్మకూడదు, ‘అలంకరణకు మాత్రమే’ అని రాయాలి. బేరియం అనే విషపదార్థం వేసిన మెరుపులేని నీలం పూతలున్న పాత్రల మీదా అలాగే రాయాలి, అది తిండిలోకి దిగవచ్చు. ఇంటికి తెచ్చుకున్నవారు నిమ్మచెక్కను గ్లేజ్ మీద రాత్రంతా ఉంచి చూడవచ్చు. రంగు వెలిస్తే ఆ పాత్రలో పులుసు పోయకూడదు. వెలవకపోయినా పూతలో సీసంలాంటి విషం లేదని రుజువైనట్టు కాదు, దానికి ల్యాబ్ పరీక్ష ఒక్కటే మార్గం.

ఇంకో మాట, ఇది గ్యాలరీలవారికి. కుండ తెలిసినవారు ముందు చూసేది అడుగు. గ్లేజ్ ఎక్కడ ఆగింది, దాని కింద అసలు మన్ను రంగేమిటి, అడుగును చెక్కిన చేతివాటం ఎలాంటిది, ‘ఎస్’ ఆకారంలో పగులు ఉందా అన్నవన్నీ అక్కడే ఉంటాయి. సారె మీద అడుగును సరిగా అదమకపోయినా, లోపల నీళ్లు నిలవనిచ్చినా ఆ పగులు వస్తుంది. పూత లేని ఆ అంచు మీద ఒక్క నీటిచుక్క వేస్తే, పీల్చుకుంటే గుల్ల, నిలిస్తే గట్టి. కానీ ప్రదర్శనల్లో వస్తువు కదలకుండా మైనంతో పీఠానికి అంటిస్తారు. అది చేయాల్సిందే, భుజం తగిలితే పడిపోయే సరుకు. కనీసం నాలుగైదు గిన్నెలనైనా అద్దం మీద ఎత్తుగా నిలబెట్టండి, లేదా అడుగు ఫొటో పక్కన పెట్టండి.

చివరిగా మీ ఫొటో విభాగానికి. దగ్గరగా తీసిన ఫొటోలో ఎనిమిది సెంటీమీటర్ల గిన్నె, ఎనభై సెంటీమీటర్ల జాడీ ఒకే తీరుగా కనిపిస్తాయి. ఫొటో కింద కళాకారుల పేరుతోపాటు ఎత్తు కూడా వేయండి.

— సిరామిక్స్ అధ్యాపకులు కొందరు, హైదరాబాద్