ఎస్.వి. రంగారావు తొలినాళ్ళపై మీ ఆడియో ధారావాహిక గురించి ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: వాస్తవ జీవితకథ అని ప్రకటించి కల్పితాన్ని వినిపించడం, సవరణ, చందా సొమ్ము వాపసు కోరడం.

అయ్యా,

నేను కాకినాడ వాసిని, మీ ఆడియో యాప్‌కు వార్షిక చందాదారుణ్ణి. ఉద్యోగ విరమణ చేసిన తరువాత ఇక్కడి ఔత్సాహిక నాటక సమాజం ఒకదానిలో యువకులకు వాచికం, అంటే సంభాషణ పలికే తీరు, నేర్పుతుంటాను. నటుడు ఎస్.వి. రంగారావు గారు ప్రసిద్ధులు కాకముందు గడిపిన రోజుల గురించి మీరు విడుదల చేసిన ధారావాహికను, "పూర్తిగా వాస్తవ జీవితం, ఆయన మాటల్లోనే" అన్న మీ ప్రకటనను నమ్మి, చందాను పునరుద్ధరించుకొని మరీ విన్నాను. విన్న తరువాత మీ వినియోగదారుల సేవా విభాగానికి తప్పులను వివరంగా రాశాను. దానికి బదులుగా "మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు" అన్న ఒక్క వాక్యమూ, మరో ధారావాహిక కొనుక్కోవడానికి తగ్గింపు కూపనూ వచ్చాయి. నేను పంపినది అభిప్రాయం కాదు, ఫిర్యాదు. అందువల్ల ఈసారి నేరుగా మీకు రాస్తున్నాను.

మీ మొదటి భాగంలో కథానాయకుడు ఏమీ చదువుకోని పల్లెటూరి అబ్బాయి. టికెట్టు లేకుండా రైలెక్కి మద్రాసు చేరి, స్టూడియో గేటు ముందు అరుగు మీద పడుకొని, కుళాయి నీళ్ళతో కడుపు నింపుకొంటాడు. ఇది వినడానికి జాలి గొలిపే కథే గాని, రంగారావు గారిది మాత్రం కాదు. ఆయన 1918 జులై 3న నూజివీడులో పుట్టారు. తండ్రి ఎక్సైజ్ శాఖ ఉద్యోగి, తాతగారు వైద్యులు. నాయనమ్మ పెంపకంలో మద్రాసులో ఉంటూ తిరువల్లిక్కేణి హిందూ హైస్కూల్లో చదివారు. నాటకంలో మొదటిసారి వేషం కట్టింది ఆ బడి రోజుల్లోనే. తరువాత విశాఖపట్నంలో ఇంటర్మీడియట్, కాకినాడ పి.ఆర్. కళాశాలలో బి.ఎస్సీ. పూర్తి చేశారు. సినిమా కోసం మద్రాసు వెళ్ళేనాటికి ఆ నగరం ఆయనకు కొత్త కాదు, ఆయన నిరక్షరాస్యుడూ కాదు. పేదరికం నుంచి పైకి వచ్చిన నటులు మన రంగస్థలం మీద ఎందరో ఉన్నారు. వారి కథ చెప్పాలనుకుంటే వారి పేరుతోనే చెప్పవలసింది.

రెండో భాగం మీద నా అభ్యంతరం ఇంకా పెద్దది. కాకినాడలో ఆయన గడిపిన నాటక జీవితాన్ని మీ రచయిత "కొన్నాళ్ళు నాటకాలు కూడా వేశాడు" అన్న ముక్కతో ముగించారు. ఇక్కడి నాటక సమాజం యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అంటే ఏమిటో మీ సంస్థలో ఎవరికైనా తెలుసో లేదో గాని, తొలి తరం తెలుగు సినిమా చరిత్ర చదివిన వారెవరూ ఆ పేరును తప్పించుకోలేరు. రంగారావు గారు అక్కడే రాటుదేలారు. అంజలీదేవి గారు, సంగీత దర్శకులు ఆదినారాయణరావు గారు, రేలంగి వెంకటరామయ్య గారు ఆ క్లబ్బు మనుషులే. ఒకే ఊళ్ళో, ఒకే సమాజంలో ఇంతమంది తయారయ్యారంటే అది గాలివాటంగా జరిగిన సంగతి కాదు. పగలు చదువులూ ఉద్యోగాలూ చూసుకొని, సాయంత్రం రిహార్సల్‌కు చేరి, హార్మోనియం శ్రుతికీ తోటి నటుడి గొంతుకూ సరిపడేలా మాట పలకడం నేర్చుకొనే చోటు ఔత్సాహిక సమాజం. పేరున్న నటులను డబ్బిచ్చి రప్పించి వేయించే కాంట్రాక్టు పద్య నాటకాల్లో జనం "వన్స్ మోర్" అంటే పద్యం మళ్ళీ పాడి గట్టెక్కవచ్చు. గద్య నాటకంలో అది కుదరదు. మాట విరుపుతో, నడకతో, చూపుతో వేషాన్ని చివరి దాకా నిలబెట్టాలి. పద్యం పాడి మెప్పించే నటులదే రాజ్యమైన రోజుల్లో, పాటగాడు కాని మనిషి కేవలం సంభాషణ బలంతో ఎలా నిలదొక్కుకున్నాడన్నది ఆయన తొలినాళ్ళ కథలో అసలు ప్రశ్న. ఆ ప్రశ్న మీ ధారావాహికలో ఎక్కడా వినబడలేదు. కళాశాల రోజుల్లో ఆయన షేక్స్‌పియర్ పాత్రల సంభాషణలు ఇంగ్లీషులో పలికి మెప్పించారన్న సంగతి కూడా మీకు అక్కరకు రాలేదు. ఇంగ్లీషు పలికే కుర్రాడు మీరు అల్లిన నిరుపేద పాత్రలో ఇమడడు గనుక దానిని వదిలేశారని నేను అనుకుంటున్నాను.

చదువు ముగిశాక ఆయన అగ్నిమాపక శాఖలో అధికారిగా చేరి బందరులోనూ, విజయనగరంలోనూ పనిచేశారు. ఆ సర్కారు కొలువు వదులుకొన్నది 1946 ప్రాంతంలో, బి.వి. రామానందం గారి దర్శకత్వంలో "వరూధిని" చిత్రంలో ప్రవరుడి వేషం కోసం. మీ ధారావాహిక మాత్రం "పాతాళభైరవి"నే ఆయన తొలి చిత్రంగా చెప్పింది. ఇది చిన్న పొరపాటు కాదు. తెలుగు ప్రేక్షకులు తరతరాలుగా నేపాళ మాంత్రికుడిగా, కీచకుడిగా, ఘటోత్కచుడిగా తలచుకొనే ఆ భారీ విగ్రహం తెరమీద మొట్టమొదట కనబడింది అప్సరస వలచి వచ్చినా చలించని నిష్ఠాగరిష్ఠుడైన బ్రాహ్మణ యువకుడిగా! ఇంతటి చమత్కారం చరిత్ర తానుగా మీ చేతిలో పెడితే, దాన్ని పక్కన పడేసి స్టూడియో గేటు దగ్గర ఆకలి సన్నివేశం కల్పించుకొన్న మీ రచనా విభాగం అభిరుచిని ఏమనాలో నాకు తోచడం లేదు.

"వరూధిని" ఆడలేదు. వేషాలు రాలేదు. ఆయన మద్రాసు విడిచి జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా సంస్థలో బడ్జెట్ అసిస్టెంటుగా చేరారు. 1947 డిసెంబరులో లీలావతి గారితో వివాహమైంది. అక్కడి తెలుగువారు వేసుకొనే నాటకాల్లో కర్ణుడి వంటి వేషాలు ధరిస్తూనే ఉన్నారు. మీ ధారావాహికలో జంషెడ్‌పూర్ అన్న ఊరి పేరే లేదు. నా దృష్టిలో ఆయన తొలి జీవితంలో అత్యంత విలువైన ఘట్టం ఇదే. ఒక చిత్రంలో కథానాయకుడై, అది పోయాక, ఆ సంగతి నలుగురికీ తెలిసిన లోకం నుంచి దూరంగా వెళ్ళి లెక్కల పుస్తకాల ముందు కూర్చొన్న మనిషి, సాయంత్రం మళ్ళీ ముఖానికి రంగు పూసుకొన్నాడు. మా సమాజంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక కుర్రవాడు మీ ధారావాహిక విని, గొప్ప నటులందరూ చదువు మధ్యలో వదిలేసినవారే కదా అని నాతో వాదించాడు. వాడికి నేను జంషెడ్‌పూర్ సంగతి చెబితే, అది నిజమైతే అంత పెద్ద సంస్థ ఎందుకు చెప్పలేదని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు మీరే చెప్పాలి.

ఇక అయిదో భాగంలో చేసినది అన్యాయమనే చెప్పాలి. దర్శకులు బి.ఎ. సుబ్బారావు గారు "పల్లెటూరి పిల్ల"లో ప్రతినాయకుడి వేషానికి పిలవగా రంగారావు గారు బయలుదేరారు. ఆ సమయంలోనే తండ్రి మరణించారు. కర్మకాండలు ముగించుకొని మద్రాసు చేరేసరికి ఆలస్యమై, ఆ పాత్ర ఎ.వి. సుబ్బారావు గారికి వెళ్ళింది. రంగారావు గారికి అదే చిత్రంలో చిన్న వేషం దక్కింది. మీరు దీనిని పోటీ నటుడు కుట్ర పన్ని వేషం లాగేసుకొన్నట్టు మలిచారు. పేరు చెప్పకపోయినా, ఆ చిత్రం పేరు చెప్పాక ఆ నటుడెవరో తెలుసుకోవడం ఎవరికైనా నిమిషం పని. జరిగినదానిలో దుష్టుడెవరూ లేడు, ఒక చావు ఉంది, ఒక ఆలస్యం ఉంది. రంగస్థలం నుంచే వచ్చిన మరో నటుడిని ఎలాంటి ఆధారమూ లేకుండా దోషిగా నిలబెట్టే హక్కు మీకు ఎవరిచ్చారు? "మన దేశం"లో చిన్న వేషం, 1950లో "షావుకారు"లో సున్నపు రంగడు, 1951లో "పాతాళభైరవి" అన్న వరుసను కూడా మీరు తలకిందులు చేశారు. అయితే పై తప్పుల ముందు అది స్వల్పమైనది గనుక విస్తరించను.

అన్నిటికన్నా అభ్యంతరకరమైనది ఆ గొంతు. ధారావాహిక పొడవునా రంగారావు గారి కంఠాన్ని పోలిన యాంత్రిక స్వరం "నేను" అంటూ కథ చెబుతుంది. దాని కింద "కృత్రిమ స్వరం" అన్న హెచ్చరిక ఏ భాగంలోనూ లేదు. ఆయన 1974లో గతించారు. తాను అనని మాటలను కాదనడానికి ఆయన రాలేరు. పైగా ఆయన కథలు రాసి పత్రికల్లో ప్రచురించిన మనిషి, తన మాట తాను రాసుకోగలిగినవాడు. అటువంటి వారి నోట "ఆకలే నా గురువు" వంటి సినిమా పోస్టరు వాక్యాలు పలికించి, పైగా "ఆయన మాటల్లోనే" అని ప్రకటించడం శ్రోతలను మోసగించడమే. ఒత్తులను మింగేసే ఆ యంత్రపు ఉచ్చారణ గురించి, వాచికం నేర్పేవాడిగా చెప్పవలసింది చాలా ఉన్నా, ఇక్కడ చెప్పను.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువును గాని సేవను గాని ఉన్నది కాక వేరుగా వర్ణించే ప్రకటన తప్పుదారి పట్టించే ప్రకటన అవుతుంది. ఆన్‌లైన్‌లో కార్యక్రమాలు ప్రచురించే సంస్థలు ఫిర్యాదు అందిన 15 రోజుల్లో తమ నిర్ణయాన్ని ఫిర్యాదుదారుకు తెలపాలని 2021 నాటి సమాచార సాంకేతిక నిబంధనలు చెబుతున్నాయి. ఆ గడువులోగా పై తప్పులను సరిదిద్దిన భాగాలను విడుదల చేసే తేదీని మీరు నాకు రాతపూర్వకంగా తెలియజేయాలి. అంతవరకూ "వాస్తవ జీవితం", "ఆయన మాటల్లోనే" అన్న మాటలను ప్రకటనల నుంచి తొలగించి, ప్రతి భాగం ఆరంభంలో ఇది కల్పిత రచన అనీ, స్వరం కృత్రిమమనీ వినిపించాలి. "పల్లెటూరి పిల్ల" ఘట్టాన్ని మాత్రం గడువుతో పని లేకుండా వెంటనే ఉపసంహరించాలి. నా వార్షిక చందా సొమ్మును కూపన్ల రూపంలో కాక నా బ్యాంకు ఖాతాకు తిరిగి జమ చేయాలి. ఇందులో ఏది జరగకపోయినా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

చందా రసీదు, మీ ప్రకటన చిత్రాలు, మీ విభాగం నాకు పంపిన జవాబు, ఏ భాగంలో ఏ నిమిషంలో ఏ తప్పు ఉందో రాసిన పట్టిక ఈ లేఖకు జతపరిచాను. జవాబును తెలుగులో, బాధ్యత గల అధికారి సంతకంతో పంపగలరు.

ఇట్లు,
మీ వార్షిక చందాదారుడు,
కాకినాడ.