ల్యాబ్ తాళం తీయించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

గుంటూరులో ఇంటర్ పిల్లలకు ఇరవై ఆరేళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన లెక్చరర్‌ని. ఈమధ్య మా మనవరాలు చదివే కాలేజీకి వెళ్లాను. ల్యాబ్‌కి తాళం వేసి ఉంది. పక్క గదిలో పిల్లలు తెర మీద టైట్రేషన్ (ఒక ద్రావణంలోకి ఇంకోటి చుక్కచుక్కగా వదిలి, రంగు మారేచోట కొలిచే ప్రయోగం) చూస్తున్నారు. మౌస్ నొక్కితే చుక్క పడుతోంది, రంగు మారుతోంది, రీడింగ్ దానంతటదే వచ్చేస్తోంది. రికార్డుల్లో అందరిదీ ఒకటే విలువ. "అన్నీ ఇందులోనే ఉన్నాయి కదండీ, ఇంక ల్యాబ్ ఎందుకు?" అన్నారు అక్కడివాళ్లు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

ఆక్సాలిక్ ఆమ్లం, పర్మాంగనేట్ ప్రయోగమే తీసుకోండి. ఫ్లాస్కును 60, 70 డిగ్రీల దాకా వేడిచేసి ఊదారంగు పర్మాంగనేట్ వదిలితే మొదటి చుక్కల రంగు ఓ పట్టాన పోదు. పిల్లలకు టెన్షన్. "మేడమ్, పాడైపోయిందా?" అని పరిగెత్తుకొచ్చేవారు. కలుపుతూ ఉండండమ్మా అనేదాన్ని. కాసేపటికి చుక్క పడీ పడగానే రంగు మాయం! చర్యలో పుట్టిన మాంగనీస్ అయాన్లే ఆ చర్య వేగాన్ని పెంచుతాయి. ఈ స్వయం ఉత్ప్రేరణం గురించి బోర్డు మీద ఎంత రాసినా ఎక్కనివాళ్లు, ఆ ఆలస్యాన్ని కళ్లారా చూశాక మళ్లీ అడగలేదు. చివర్లో ఒక్క చుక్క ఎక్కువైతే మళ్లీ మొదటికి రావాల్సిందే. రెండోసారి వాళ్ల చెయ్యి ఎంత జాగ్రత్తగా కదిలేదో నాకు ఇప్పటికీ గుర్తే.

కంప్యూటర్ వద్దని అనను. కేంద్ర ప్రభుత్వం తెచ్చిన వర్చువల్ ల్యాబ్స్, స్కూలు పిల్లల కోసం ఉన్న ఓల్యాబ్స్ మంచివే. ముందురోజు వాటిలో చూసుకుని వస్తే తడబాటు తగ్గుతుంది. రేడియోధార్మికత లాంటివి ఎలాగూ తెర మీదే చూపించాలి. కానీ తెర మీద, ప్రోగ్రామ్ రాసినవాళ్లు ఊహించిన తప్పులే జరుగుతాయి. బ్యూరెట్ (చుక్కలు వదిలే కొలతల గాజు గొట్టం) కొనలో ఇరుక్కున్న గాలిబుడగ, సరిగా కడగని ఫ్లాస్కు, సన్నని తీగల మందం కొలిచే స్క్రూగేజీ సున్నా దగ్గరే చూపే తేడా (జీరో ఎర్రర్) పిల్లలు తమ చేతులతో వెతికి పట్టుకోవాలి.

మా పిల్లలు ఇంటి దగ్గర బోరునీళ్లు సీసాల్లో తెచ్చేవారు. ఈడీటీఏ అనే రసాయనంతో నీళ్ల కఠినత్వం (కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు) చూస్తే బ్రాడీపేట నీళ్లకూ నల్లపాడు నీళ్లకూ రీడింగ్ కలిసేది కాదు. ఎందుకని గంటసేపు వాదించుకునేవారు. ఇంట్లో కారం తెచ్చి గ్లాసు నీళ్లపై చల్లేవారు. రంగు కలిపి ఉంటే చారలు చారలుగా కిందికి దిగుతుంది. మిర్చి యార్డు ఉన్న ఊరి పిల్లలకు ఇది తెలియకపోతే ఎలా?

అయ్యా, ఇంటర్ మొదటి ఏడాది నుంచే వారానికి రెండు గంటలైనా పిల్లలు ల్యాబ్‌లో గడిపేలా చూడండి. పరీక్షలకు నెల ముందు తాళం తీసే పద్ధతి పోవాలి. ప్రభుత్వ కాలేజీలకు రసాయనాల డబ్బు ఏటా జూన్‌లోనే అందించండి, ల్యాబ్ అటెండర్లను ఇవ్వండి. ప్రైవేటు కాలేజీల్లోనూ తనిఖీ చేయించండి. వచ్చినవాళ్లు రికార్డులు తిరగేసి వెళ్లిపోకుండా, ఎవరో ఒక పిల్లను పిలిచి బ్యూరెట్ నింపమని అడగాలి. మీరు గుంటూరు వచ్చినప్పుడు, ముందుగా చెప్పకుండా ఏదో ఒక కాలేజీకి వెళ్లి మీరే అడిగితే మరీ సంతోషం.

భవదీయురాలు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
గుంటూరు