పొగ అలారం ముందుగా పడకగదిలో పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

నేను ఇళ్లలో వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌ని. పొగ అలారం బిగించమని పిలిచేవాళ్లలో చాలామంది ముందుగా వంటగదే చూపిస్తారు. మంట పుట్టేది అక్కడే కదా అంటారు. నాకు పేచీ ఆ మాటతోనే.

పొయ్యి దగ్గరున్న మనిషికి పొగ కంటికే కనిపిస్తుంది. నిద్రపోతున్న మనిషికి ముక్కు కూడా సరిగ్గా పనిచెయ్యదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు మత్తును ఇంకా పెంచుతుంది. లేపాల్సింది చప్పుడే. అందుకే ప్రతి పడకగదిలో ఒకటి, ఆ గదుల బయట నడవలో ఒకటి, పడకగదులు లేని అంతస్తులోనూ ఒకటి ఉండాలి. తలుపు వేసుకుని పడుకోవడం మంచిదే, పొగ త్వరగా లోపలికి రాదు. కానీ ఆ తలుపే నడవలోని మోతనూ తగ్గించేస్తుంది. కాబట్టి ఒకటి మోగితే అన్నీ మోగేలా కలపాలి.

పొయ్యికి కనీసం 10 అడుగుల దూరం వదలండి. దగ్గరుంటే వంట చేసినప్పుడల్లా మోగుతుంది, విసుగొచ్చి బ్యాటరీ పీకేస్తారు. అలా ఖాళీగా వేలాడే డబ్బాలు చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. వంటగదిలో కావాలంటే వేడిని పసిగట్టే హీట్ డిటెక్టర్ పెట్టుకోవచ్చు. పొగ పైకి లేస్తుంది కాబట్టి అలారం సీలింగ్‌కు బిగించాలి. గోడకైతే సీలింగ్ నుంచి 12 అంగుళాల లోపు. ఫ్యాన్ రెక్కలకు, స్నానాలగది తలుపుకు 3 అడుగులు ఎడం ఉండాలి. ఏసీ గాలి సూటిగా తగిలేచోట వద్దు.

ఎవరూ అడగని సంగతి ఇంకొకటుంది. వయసు మీదపడ్డవాళ్లకు ముందుగా తగ్గేది సన్నని, కీచు శబ్దాల వినికిడి. మామూలు అలారం మోత అలాంటిదే. వినికిడి మెషిన్ తీసి పడుకున్న పెద్దావిడకు అది వినబడుతుందని ఎలా అనుకుంటాం? 520 హెర్ట్జ్ బొంగురు శబ్దం చేసే అలారాలు, మంచాన్ని కుదిపేవి దొరుకుతాయి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కేటప్పుడు పెద్దవాళ్లను వాళ్ల మంచం మీదే పడుకోబెట్టి, మెషిన్ తీయించి, తలుపు వేసి అడగండి, వినబడిందా అని. పదేళ్లు దాటిన అలారం మోగుతున్నా సరే మార్చేయండి.

మీ పేపర్లో ఇళ్ల ప్లాన్లు వేసేటప్పుడు, ఫ్యాను, లైటు పాయింట్లతో పాటు పొగ అలారం పాయింట్లు కూడా గుర్తుపెట్టి వేయమని మనవి. స్లాబ్‌లో పైపు ముందే పడితే, అలారాలను వైరుతో కలపడం మాకు చాలా తేలిక.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్