2024–25 వార్షిక నివేదిక: గుండె ఫైలులో కంటికో పేజీ

సభ్యులందరికీ నమస్కారం.

పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవాళ్లం, వాళ్ల తల్లిదండ్రులం కలిసి పెట్టుకున్న సంఘం మనది. ఇన్నేళ్లూ మన మాటలన్నీ గుండె చుట్టూనే తిరిగాయి. ఎకో ఎప్పుడు, ఆపరేషన్ ఎక్కడ, ఆరోగ్యశ్రీ అప్రూవల్ వచ్చిందా లేదా అన్నవే. ఈ ఏడాది మాత్రం ఎక్కువ సమయం కళ్ల మీద పెట్టాం. దానికి కారణం పోయిన మే నెలలో జరిగిన సంగతి. ఆ కుర్రాడి అనుమతితోనే రాస్తున్నాను.

మన సభ్యుల్లో ఒక తమ్ముడికి ఇంకా ముప్పై నిండలేదు. చిన్నప్పుడు గుండెలో రంధ్రానికి ఆపరేషన్ జరగలేదు, ఇప్పుడది ఐసెన్‌మెంగర్ దశకు వచ్చింది. అంటే ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి, ఆక్సిజన్ తక్కువున్న రక్తం ఆ రంధ్రం గుండా ఒంట్లోకి మళ్లుతోంది. పెదవులు, గోళ్లు నీలంగా ఉంటాయి. ఒకరోజు మెహిదీపట్నం బస్సులో కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మసక పోలేదు. మళ్లీ తుడిచాడు. ఇంటికొచ్చి గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడి ఒక్కో కన్నూ మూసి చూస్తే, ఎడమ కంటికి తేదీల మధ్యలో మరకలా ఉంది. నొప్పి లేదు కాబట్టి పవర్ మారిందేమో అనుకుని అద్దాల షాపుకెళ్లాడు. కొత్త అద్దాల కోసం నాలుగు రోజులు ఆగాడు. వాటితోనూ మసక పోకపోయేసరికి కంటి ఆసుపత్రికి వెళ్లాడు. కంటి వెనక పొర అయిన రెటీనా నుంచి రక్తాన్ని తీసుకెళ్లే సిర మూసుకుపోయిందని అక్కడ చెప్పారు. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 65 దాటి ఉంది. మగవాళ్లలో మామూలుగా 40–50 మధ్య ఉండేది అది. కంట్లో ఇంజెక్షన్లు ఇచ్చారు. చూపు కొంత తిరిగొచ్చింది, పూర్తిగా రాలేదు.

ఏళ్ల తరబడి అతను గుండె పరీక్షలకు వెళ్తున్న చోట కంటి వెనక భాగం చూపించుకోమని ఎవరూ చెప్పలేదు. సంఘంగా మనమూ చెప్పలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఈ రెండో మాటే.

ఆ తర్వాత కాచిగూడలో జరిగిన ఆదివారం సమావేశానికి ఒక రెటీనా డాక్టరుగారిని పిలిచాం. ఆమె చెప్పింది రాలేకపోయినవాళ్ల కోసం రాస్తున్నాను. రక్తంలో ఆక్సిజన్ తక్కువైతే శరీరం ఎర్రకణాలను ఎక్కువగా తయారుచేస్తుంది. రక్తం చిక్కబడుతుంది. రెటీనాలోని సన్నటి నాళాలు ఉబ్బి, మెలికలు తిరుగుతాయి. ఒక్కోసారి మూసుకుపోతాయి. మన ఊరి మే ఎండలో నీళ్లు తాగకుండా తిరిగితే, నీళ్లు కూడా ముట్టని ఉపవాసాలు చేస్తే ఆ చిక్కదనం ఇంకా పెరుగుతుంది. నీళ్ల మీద డాక్టరు పరిమితి పెట్టినవాళ్లు మాత్రం అడిగే తాగండి. చిక్కబడింది కదా అని మాటిమాటికీ రక్తం తీయించుకోవడం మంచిది కాదు. ఐరన్ తగ్గిపోయి పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

ఇంకో ప్రమాదం రక్తపు గడ్డలతో. మామూలుగా కాళ్ల సిరల్లోంచి వచ్చే గడ్డ ఊపిరితిత్తుల దగ్గర ఆగుతుంది. గుండెలో రక్తం కుడి నుంచి ఎడమకు మళ్లేవాళ్లలో అది నేరుగా మెదడుకో, కంటికో పోవచ్చు. సెలైన్ గొట్టంలో గాలి బుడగలు లేకుండా చూడమని నర్సుకు గుర్తుచేయాలని మనం చెప్పుకునేది కూడా ఇందుకే. ఒక కంటికి తెర దించినట్టు చీకటి కమ్మితే, నొప్పి లేకపోయినా, తర్వాత చూపు తిరిగొచ్చినా, పక్షవాతం వచ్చినట్టే లెక్క. 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు. అలాగే జ్వరంతో పాటు కన్ను ఎర్రబడి నొప్పి పెడితే మెడికల్ షాపు చుక్కలతో సరిపెట్టుకోవద్దు. గుండె లోపలి పొరకు పట్టిన ఇన్‌ఫెక్షన్ కంటిదాకా పాకి ఉండొచ్చు.

ఆ రోజు ఒక అక్క తన కూతురి ఫైలు తెచ్చింది. ఆ అక్కకు గర్భంతో ఉన్నప్పుడు మూడో నెలలో మూడు రోజులు జ్వరం, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వచ్చాయట. వేడి చేసిందన్నారు. పాపకు పీడీఏ (పుట్టాక మూసుకోవాల్సిన గుండె దగ్గరి రక్తనాళం తెరిచే ఉండడం), రెండు కళ్లలో శుక్లాలు, వినికిడి లోపం. ఇది గర్భంలో రుబెల్లా అనే వైరస్ సోకడం వల్ల వచ్చేదని డాక్టరుగారు చెప్పారు. ఈ సంబంధాన్ని మొదట పట్టుకున్నది కూడా కంటి డాక్టరే, 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్. శుక్లాలతో పుట్టిన పసివాళ్లలో చాలామందికి గుండె లోపాలూ ఉండడం ఆయన గమనించాడు. మన రాష్ట్రంలో తట్టు–రుబెల్లా టీకా కార్యక్రమం 2017 ఆగస్టులో మొదలైంది. పిల్లలకు రెండో డోసు తప్పించకండి. పెళ్లయి టీకా పడని అమ్మాయిలు గర్భం రాకముందే డాక్టరును అడగాలి. గర్భంతో ఉన్నప్పుడు ఈ టీకా వేయరు.

డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. మెల్లకన్ను, సైటు, శుక్లాలు కూడా ఎక్కువే. నెలలు నిండక పుట్టి రెండు కిలోల లోపు బరువున్న పిల్లలకు 30 రోజుల్లోపే రెటీనా పరీక్ష జరగాలి.

ఇవన్నీ విన్నాక కమిటీ చేసిన పని ఒక్కటే. ప్రతి సభ్యుడి గుండె ఫైలులో కంటికి ఒక పేజీ చేర్చాం. చివరిసారి కంటిపాప పెద్దది చేసి రెటీనా చూసిన తేదీ, అప్పటి హిమోగ్లోబిన్, హెమటోక్రిట్, వాడుతున్న మందులు అందులో రాయాలి. మందుల గడి వదిలేయకండి. గుండె లయ తప్పితే వాడే అమియోడారోన్ కంటి నల్లగుడ్డు మీద పేరుకుంటుంది. కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమాకు వేసే టిమోలాల్ చుక్క కంట్లో వేసినా గుండె వేగాన్ని తగ్గిస్తుంది. గుండె సంగతి కంటి డాక్టరుకు, కంటి సంగతి గుండె డాక్టరుకు ఈ కాగితమే చెప్పాలి. ఖర్చుకు ఇబ్బంది ఉన్నవాళ్లకు మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. వెంట వచ్చేవాళ్లు కావాలంటే కమిటీకి చెప్పండి.

లోటు కూడా చెప్పాలి. జిల్లాల్లో ఉన్న సభ్యుల్లో చాలామందికి ఈ పేజీ ఇంకా అందలేదు. వచ్చే ఏడాది మొదటి పని అదే. జమాఖర్చుల పట్టిక ఆడిట్ అయింది, ఈ నివేదికతో పాటే పంపుతున్నాం.

సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ఫైలు తెచ్చుకోండి. కంటి పేజీ ఖాళీగా ఉన్నా సరే, తెండి. ఆ తమ్ముడు తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటానన్నాడు, దగ్గరుండి రాయిస్తాడు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి