పాత అమిగాలకు గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉత్తర జర్మనీలో ఉంటున్న తెలుగువాళ్లం కలిసి నడుపుకుంటున్న మన పాత కంప్యూటర్ల సంఘం ఈ ఏడాది దాదాపుగా కమడోర్ కంపెనీ తయారుచేసిన అమిగా అనే ఇంటి కంప్యూటర్ల మీదే పనిచేసింది. అమిగాలే ఎందుకంటే ఇక్కడ అవి దొరుకుతాయి. కమడోర్‌కు బ్రౌన్‌ష్వైగ్‌లో ఫ్యాక్టరీ ఉండేది. 1994లో కంపెనీ దివాలా తీసినా ఈ చుట్టుపక్కల ఇళ్ల నేలమాళిగల్లో మిషన్లు ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. మనలో చాలామంది చిన్నప్పుడు అమిగాను కంటితో కూడా చూడలేదు. అయినా దాని మీద మోజు మాత్రం ఇక్కడి వాళ్లకు తీసిపోదు.

గత సర్వసభ్య సమావేశంలో రెండు పనులు అనుకున్నాం: ఒక అమిగా 2000కు గ్రాఫిక్స్ కార్డు, ఒక అమిగా 1200కు నెట్‌వర్క్. రెండూ పూర్తయ్యాయి. ఇకముందు ఏ మిషన్‌కైనా ముందు నెట్‌వర్క్ పెట్టి, ఆ తర్వాతే గ్రాఫిక్స్ కార్డు సంగతి చూడాలని కార్యవర్గం అనుకుంటోంది. కారణాలు చదివి మీ మాట చెప్పండి.

రిపేర్ల గురించి రెండు ముక్కలు. 2000 మదర్‌బోర్డు మీదున్న రీచార్జబుల్ బ్యాటరీ కారి చుట్టూ ఉన్న రాగి గీతల్ని తినేస్తుంది. 1200లో కెపాసిటర్లు కారుతాయి. ఈ రెండూ సరిచేశాకే కార్డుల జోలికి వెళ్లాం.

గ్రాఫిక్స్ కార్డు

అమిగా సొంత వీడియో టీవీ కోసం తయారైంది. యూరప్ మోడల్‌లో లైన్ ఫ్రీక్వెన్సీ (సెకనుకు తెర మీద గీసే గీతల లెక్క) 15.6 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఇప్పటి మానిటర్లు చాలావరకు 31 కిలోహెర్ట్జ్‌కు తక్కువైతే బొమ్మే చూపించవు. మనం వేసింది విలేజ్ ట్రానిక్ వాళ్ల పికాసో 2, 2 ఎంబీ మెమరీ ఉన్నది. దీంతో వర్క్‌బెంచ్ (అమిగా డెస్క్‌టాప్) 1024×768లో, 16 బిట్ రంగుల్లో వస్తోంది. చూడటానికి ముచ్చటగానే ఉంది.

అయితే అది అంత సులువుగా రాలేదు. కార్డు మొదట మిషన్‌కు కనబడనే లేదు. అమిగా 2000తో వచ్చిన 68000 ప్రాసెసర్ అడ్రసు 24 బిట్లది, అంటే మొత్తం 16 ఎంబీ చోటు. అందులో జోరో 2 అనే విస్తరణ స్లాట్లలోని మెమరీకి, ఇలాంటి కార్డులకు కలిపి దక్కేది 8 ఎంబీయే. మన 2000లో అప్పటికే 8 ఎంబీ ర్యామ్ బోర్డు కూర్చుని ఉంది, కార్డు అడిగే 2 ఎంబీకి చోటెక్కడిది? ర్యామ్ బోర్డు జంపర్ మార్చి 4 ఎంబీకి తగ్గించాక కార్డు కనబడింది. వేగం కోసం వేసిన ప్రాసెసర్ యాక్సిలరేటర్ బోర్డు మీదున్న 32 బిట్ మెమరీ వేరే అడ్రసుల్లో ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకోవాల్సిన పని లేకపోయింది. ఆ యాక్సిలరేటర్ 68030 ప్రాసెసర్‌ది. అది లేకపోతే కార్డును నడిపే పికాసో96 సాఫ్ట్‌వేరే నడవదు, దానికి కనీసం 68020 కావాలి.

ఇంత చేశాక తేలిందేమిటంటే, గేములకు ఈ కార్డు వల్ల లాభం లేదు. పాత గేములు అమిగా చిప్‌లతో నేరుగా మాట్లాడతాయి, కార్డును పట్టించుకోవు. కార్డు గుండా పాత బొమ్మను మానిటర్‌కు పంపే దారి ఉంది గానీ, అది కూడా 15 కిలోహెర్ట్జ్‌లోనే వస్తుంది. అందుకే గేముల కోసం స్కార్ట్ (యూరప్ టీవీల వీడియో సాకెట్) కేబుల్‌తో ఒక పాత పిక్చర్ ట్యూబ్ టీవీని అలాగే ఉంచేశాం.

నెట్‌వర్క్

1200కు ఎడమ పక్కన పీసీఎంసీఐఏ స్లాట్ (పాత ల్యాప్‌టాప్‌ల కార్డులు పట్టేది) ఉంది. ఇది 16 బిట్‌ది. తర్వాత వచ్చిన 32 బిట్ కార్డ్‌బస్ కార్డులు ఇందులో పనిచేయవు. ఎన్‌ఈ2000 తరహా ఈథర్‌నెట్ కార్డు కొని, సీనెట్ డ్రైవర్, రోడ్‌షో అనే ఇంటర్నెట్ సాఫ్ట్‌వేర్ వేశాం. సెకండ్ హ్యాండ్‌లో కార్డు కొనేటప్పుడు పక్కన వేలాడే చిన్న కేబుల్ కూడా ఇస్తున్నారో లేదో అడగండి. మొదట మనకు అమ్మినాయన కార్డొక్కటే పంపాడు.

ఇక్కడా అదే అడ్రసుల గొడవ. ఈ స్లాట్‌కు కేటాయించిన 4 ఎంబీ, పైన చెప్పిన 8 ఎంబీ చోటులో పై సగం. కాబట్టి 1200 కింద తలుపులో చవకరకం 8 ఎంబీ ర్యామ్ కార్డు ఉంటే దాన్ని 4 ఎంబీకి తగ్గించాలి, లేదంటే స్లాట్ పనిచేయదు. ఇంకో చికాకు, కీబోర్డు నుంచి రీసెట్ చేసినప్పుడు లోపలున్న కార్డు రీసెట్ కాకపోవచ్చు. అందుకని కార్డ్‌రీసెట్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను స్టార్టప్‌లో పెట్టుకున్నాం.

డ్రైవర్‌ను మిషన్‌లోకి ఎక్కించడమూ ఒక తతంగమే. అమిగా 880 కేబీ ఫ్లాపీని పీసీ చదవలేదు. పీసీ 720 కేబీ ఫ్లాపీని మాత్రం వర్క్‌బెంచ్‌లోని క్రాస్‌డాస్ అనే ప్రోగ్రామ్ చదువుతుంది, ఆ దారినే వెళ్లాం. ఎల్‌హెచ్‌ఏ (కుదించి కట్టిన) ఫైళ్లను పీసీలో విప్పకండి, అమిగాలోనే విప్పండి. ఫైల్ పర్మిషన్లు అప్పుడే సరిగ్గా వస్తాయి.

రౌటర్ నుంచి అడ్రస్ అందిన రోజు నుంచి ఫ్లాపీల టెన్షన్ పోయింది. 1992 నుంచి నడుస్తున్న అమినెట్ అనే అమిగా సాఫ్ట్‌వేర్ భాండారం నుంచి కావాల్సినవన్నీ నేరుగా దించుకుంటున్నాం. పికాసో కార్డు ఫైళ్లు కూడా ఇలాగే దించి 2000లోకి మార్చాం. ఈ సౌకర్యం ముందే ఉండుంటే ఆ పని ఇంకా త్వరగా అయ్యేది. కార్యవర్గం అభిప్రాయానికి అసలు కారణం ఇదే.

వెబ్ బ్రౌజింగ్ మీద మాత్రం ఆశలు పెట్టుకోవద్దు. అమిఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ వేస్తే సురక్షిత సైట్లు తెరుచుకుంటాయి గానీ, ఆ ఎన్‌క్రిప్షన్ లెక్కలకే 68030 ఆయాసపడుతుంది. అమిగాలో మెమరీ రక్షణ ఉండదు, అంటే ఒక ప్రోగ్రామ్ ఇంకో దాని మెమరీని ముట్టుకోకుండా అడ్డు లేదు. అందుకని దాన్ని రౌటర్ వెనకే ఉంచండి, బయటి నుంచి ఏ పోర్టూ తెరవకండి.

లెక్కలు, వచ్చే ఏడాది

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు సమావేశంలో విడిగా ఇస్తారు. సభ్యత్వ రుసుం పెంచడం లేదు. గ్రాఫిక్స్, ఈథర్‌నెట్ రెండూ ఒకే బోర్డులో ఉండే జెడ్‌జెడ్9000 కార్డు సంఘం డబ్బుతో కొందామని కొందరు అడిగారు. దాని ధరకు నాలుగైదు మిషన్లకు నెట్‌వర్క్ పెట్టొచ్చు కాబట్టి కార్యవర్గం ఒప్పుకోలేదు. సొంతంగా కొన్నవాళ్లు తెస్తే అమర్చడానికి సాయం చేస్తాం.

వచ్చే సమావేశానికి మిషన్ తెచ్చేవాళ్లు ర్యామ్ ఎంత ఉందో, కిక్‌స్టార్ట్ (రామ్‌లో కాకుండా చిప్‌లో ఉండే అమిగా సిస్టమ్) ఏ వెర్షనో ముందే రాసి పంపండి. పాత బ్యాటరీ తీయకుండా తెచ్చిన మిషన్‌ను మాత్రం ఆన్ చేయం.

ఇట్లు,
కార్యదర్శి