ఆ రాత్రి డ్యూటీ లిస్టు కూడా వెయ్యండి

సంపాదకులు గారికి,

పోయిన వారం మీరు మొదటి పేజీలో వేసిన 'ఐసీయూలో అలారం మోగినా పట్టించుకోని నర్సు' వార్త చదివి రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు ఆ అమ్మాయిని సస్పెండ్ చేశారని లోపలి పేజీలో నాలుగు లైన్లు కనిపించాయి. ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు. 27 ఏళ్లు ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. ఒక ప్రాణం పోయింది, ఆ ఇంటివాళ్ల కోపం న్యాయమే. తప్పే జరగలేదని నేను వాదించబోవడం లేదు. కానీ మీ విలేకరి డాక్టర్లని, బంధువుల్ని, పక్క వార్డు ఆయాని కూడా అడిగారు. ఆ రాత్రి ఆ అమ్మాయి ఒక్కదానికే ఎంతమంది రోగుల్ని అప్పగించారో మాత్రం ఎవరినీ అడిగినట్టు లేదు.

అలారం వినపడలేదా అని రాశారు. వినపడకేం! ఒక్కో మంచం దగ్గర మానిటర్ ఒకటి, వెంటిలేటర్ ఒకటి, మందులెక్కించే పంపులు మూడో నాలుగో. అన్నీ అరుస్తాయి. రోగి చెయ్యి కదిపితే వేలి క్లిప్పు జారి అరుస్తుంది, దగ్గితే వెంటిలేటర్ అరుస్తుంది. వాటిలో ఎక్కువ భాగం మనం ఏమీ చెయ్యక్కర్లేనివే. అలా పన్నెండు గంటలు విన్న చెవికి నిజమైనదేదో, ఉత్తదేదో తేడా తెలియకపోవడం మనిషి లక్షణం. దానికి సస్పెన్షన్ మందు అవుతుందా?

వెంటిలేటర్ మీదున్న రోగి దగ్గర ఒక నర్సు ఉండాలన్నది మా గొంతెమ్మ కోరికేం కాదు. ఐసీయూ పుట్టిందే అలా. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. మొదటి వారాల్లో ఊపిరాడక యంత్రాల్లో పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే, మత్తుమందిచ్చే డాక్టరు గొంతు దగ్గర రంధ్రం చేసి, ట్యూబు పెట్టి, సంచీ నొక్కుతూ గాలి పంపే పద్ధతి చూపించాడు. నొక్కింది ఎవరు? వందల మంది వైద్య విద్యార్థులు. వంతులవారీగా, రాత్రింబవళ్లు, ఒక్కో మంచం పక్కన కూర్చుని. మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఇప్పుడు సంచీ నొక్కే పని యంత్రం చేస్తోంది కదా అని, పక్కన కూర్చునే మనిషిని మనవాళ్లు తీసేశారు!

అసలు ఆ మనిషి ఏం చేస్తుందో తెలుసా? 1995లో అచ్చయిన ఒక పరిశీలన ఉంది. ఇజ్రాయెల్‌లో ఒక ఐసీయూలో మంచాల పక్కన నిలబడి లెక్కపెట్టారు. డాక్టర్లవీ కలుపుకుని ఒక్కో రోగికి రోజుకు సగటున 178 పనులు, ఎక్కువ భాగం నర్సులవే. తప్పులు 1.7, అంటే నూటికి ఒకటి. మన ఆఫీసుల్లో నూరు ఫైళ్లలో తొంభై తొమ్మిది సరిగ్గా కదిలితే శాలువా కప్పుతారు.

బీపీ నిలబెట్టే నార్‌అడ్రినలిన్ సిరంజి అయిపోయేలోపు రెండోది సిద్ధంగా ఉండాలి. ఆ మందు ప్రభావం నిమిషాల్లో దిగిపోతుంది, కాస్త ఆగినా బీపీ కళ్లముందే పడిపోతుంది. ఆ సిరంజి మారుస్తుండగా పక్క మంచం పేషెంటుకి ఊపిరి ట్యూబులో కఫం అడ్డం పడితే ఎటు పరుగెత్తాలి? రెండేసి గంటలకి ఒళ్లు తిప్పాలి, లేకపోతే పుళ్లు పడతాయి. తిప్పడానికి ఒక్కరు చాలరు. బోర్లా పడుకోబెట్టాలంటే నలుగురైదుగురు కావాలి, ఒక్కరు ట్యూబు కోసమే. ఇక మతి చలించి, ఎక్కడున్నాడో తెలియక, కన్నకొడుకునే గుర్తుపట్టక ట్యూబు పీకేసుకునే పెద్దాయన ఉంటే ఆ రాత్రి ఇక చెప్పక్కర్లేదు. చేతులు కడితే 'నా తండ్రిని కట్టేశారు' అంటారు, కట్టకపోతే ఇదిగో, మీ వార్త.

ఇన్‌ఫెక్షన్ల గురించి కూడా ఏదో రాశారు. 2006లో అమెరికాలోని మిషిగన్ ఐసీయూల ఫలితాలు వచ్చాయి: చేతులు కడుక్కోవడం, రక్తనాళంలో పెట్టిన లైను, అంటే సన్న గొట్టం, అవసరం తీరగానే తీసేయడం లాంటి అయిదే అయిదు జాగ్రత్తలతో, ఆ లైన్ల వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి. అక్కడ డాక్టరు ఒక మెట్టు వదిలేస్తే నర్సు ఆపొచ్చు. నేనూ ఒకసారి 'సార్, గ్లౌజులు' అన్నాను. మర్నాడు మెమో వచ్చింది.

మీకు ఐసీయూ అంటే ఎప్పుడు గుర్తొస్తుంది? రోడ్లు ఐసీయూలో, పార్టీ వెంటిలేటర్ మీద అని హెడ్డింగులు పెట్టడానికి. లేదా కొత్త పడకల ప్రారంభోత్సవానికి. రిబ్బన్, కత్తెర, పళ్లెం, నవ్వులు. ఆ ఫొటోలో ఇరవై వెంటిలేటర్లుంటే వాటి దగ్గర నిలబడాల్సిన నర్సులు ఒక్కరైనా ఉన్నారా? ఉండరు, పోస్టులే ఇవ్వలేదు. పాడైతే బాగుచేసే మనిషి ఉండడు, కొన్నయితే అట్టపెట్టెలు కూడా విప్పరు. అధికారుల లెక్కలో మాత్రం 'సౌకర్యాలు పెరిగాయి'.

విచారణ కమిటీ వేశారట. ఐసీయూలో రాత్రి డ్యూటీ చేసినవాళ్లు అందులో ఒక్కరైనా ఉన్నారో లేదో కనుక్కోండి. ఆ రాత్రి డ్యూటీ లిస్టు అడిగి తెచ్చి, ఎంతమంది రోగులకి ఎంతమంది నర్సులున్నారో మొదటి పేజీలో వెయ్యండి. నాలుగు లైన్లు చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు